నాందేడు కార్మికులు – ధరల సూచిక సంఖ్య

నాందేడు పట్టణ చరిత్ర వ్రాయబూనిన వారెల్లరు పావన గోదావరిని వర్ణించి, 1708లో శ్రీ గురు గోవింద సింగు ఇచ్చట నిర్యాణము చెందిన వృత్తాంతము చెప్పి, పూర్వకాలమున ఇచ్చటి సాలెవారు నేసిన సన్నని వస్త్రములను ప్రశంసించుట పరిపాటి. అది యుక్తమే. కాని మిల్లు కూత విని వేకువనే లేచి, చద్దిమూట చంకనిడుకొని పనికి నడచిన వారికిని ఈ ఊరి చరిత్రలో స్థానము కలదు. వారిలో మన తెలుగువారు అల్పసంఖ్యాకులు కారు. వారి కూలి ఏ లెక్కను బట్టి పెరిగినది, ఏ లెక్కను బట్టి పెరుగక నిలిచినది అను విషయమును ఈ సంచికలో నాలుగు మాటలలో వివరింప నుద్దేశించితిమి.

మేము ఒక కార్యాలయమున గుమాస్తాగా జీతముల పట్టికలు వ్రాసి వ్రాసి తల నెరసిన వారము. ఆ పట్టికలో మూల వేతనమున కొక గడి, కరువు భత్యమున కొక గడి యుండెడివి. మొదటి గడిలోని అంకె ఏండ్ల తరబడి కదలెడిది కాదు. రెండవ గడిలోనిది మాత్రము అప్పుడప్పుడు కదలుచుండెడిది. మరాఠీ సోదరులు దీనిని మహాగాయీ భత్తా యందురు. ఈ గడిని కదల్చునదే ధరల సూచిక సంఖ్య. సంతకము చేసి జీతము పుచ్చుకొను వారిలో నూటికి తొంబదిమందికి ఆ సంఖ్య ఎట్లు పుట్టునో తెలియదు. తెలియనిచో అడుగుట యెట్లు? అడుగనిచో వచ్చుట యెట్లు?

ముందుగా ఆ సంఖ్య పుట్టుక చెప్పెదము. ఒక ఊరిలోని కార్మిక కుటుంబములను కొన్నింటిని ఎన్నుకొని, అవి నెలకు దేనికెంత వ్యయము చేయుచున్నవో విచారింతురు. దీనికి కుటుంబ బడ్జెటు విచారణ యని పేరు. తిండి, తాంబూలము పొగాకు మొదలగునవి, వంటచెరకు దీపము, ఇంటి అద్దె, బట్టలు పాదరక్షలు, ఇతర వ్యయములు అని ఆరు పద్దులు. నూరు రూపాయల వ్యయములో ఒక్కొక్క పద్దుకు ఎంత భాగమో అది దాని ప్రాధాన్యము. ఆ సంవత్సరపు ధరలను 100 అని స్థిరపరచి, పిమ్మట నిర్ణీతమైన దుకాణములలో నిర్ణీతమైన దినమున అవే వస్తువుల ధరలు వ్రాసికొని, ప్రాధాన్యముల చొప్పున కలిపి సంఖ్యను కట్టుదురు. ఉదాహరణకు, ఒక కుటుంబపు నూరు రూపాయలలో జొన్నలకు ఇరువది రూపాయలు పోవుచున్న దనుకొందము. జొన్నల ధర సగము పెరిగినచో ఆ యిరువది ముప్పది యగును. తక్కినవి కదలకున్నను సూచిక 110 అగును. వెండి ధర సగము పెరిగిన కార్మికుని సూచిక కదలదు. ఏలయన అతని నూరు రూపాయలలో వెండికి చోటు లేదు. కాబట్టి సూచికకు ప్రాణము ధరలలోనే కాదు, ప్రాధాన్యములలోను కలదు. ఈ మాట పాఠకులు మనస్సున నుంచుకొన ప్రార్థన. తుదకు మరల దీని యొద్దకే రావలసియున్నది.

మన దేశమున ఈ గణన మొదట ముంబయిలో నిలద్రొక్కుకొనెను. 1921లో అచ్చట ప్రభుత్వపు లేబరు కార్యాలయము ఏర్పడి, 1914 జూలై ధరలను 100గా గ్రహించి కార్మికుల జీవనవ్యయ సూచికను ప్రకటింప సాగెను. 1925లో షోలాపురపు మిల్లు కార్మికుల కుటుంబ బడ్జెట్లు విచారింపబడెను. షోలాపురమున మన పద్మశాలీలు ఎందరు స్థిరపడిరో పాఠకు లెరుగుదురు. తెలుగు కార్మిక గృహముల వ్యయము సర్కారు లెక్కకు వచ్చుటకు ఇది తొలి అవకాశములలో ఒకటి. ఆ నగరమునకు 1927 ఫిబ్రవరి మొదలు 1928 జనవరి వరకు గల కాలమును ఆధారముగా గైకొనిరి.

అయినను ఆ రోజులలో సూచిక పండితుల పత్రికలలోని వస్తువే గాని జీతమును నిర్ణయించునది కాలేదు. దానిని కార్మికుని గడపకు తెచ్చినది రెండవ ప్రపంచ యుద్ధము. 1939 సెప్టెంబరున యుద్ధము ఆరంభమైనది మొదలు ధరలు పైకి లేచెను. 1940 మార్చిలో ముంబయి మిల్లు కార్మికులు కరువు భత్యము కొరకై సమ్మె చేసిరి. ఆ సంవత్సరముననే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కార్మికుల భత్యపు తగవును విచారించుటకు, తరువాత రాజ్యాంగ రచనలో ప్రసిద్ధి గన్న సర్ బెనెగల్ నరసింగరావు అధ్యక్షతను ఒక విచారణ సభ ఏర్పడెను. దేశమంతటను నమ్మదగిన సూచికలు కట్టవలెనని ఆ సభ చెప్పెను. దానికి ఫలముగానే పెక్కు పట్టణములలో కుటుంబ బడ్జెట్లు తీయబడెను. 1946 అక్టోబరున సిమ్లాలో లేబరు బ్యూరో వెలసెను. సమ్మెలు లేకున్న సూచికలు ఇంత త్వరగా పుట్టియుండెడివి కావని మా యభిప్రాయము.

ఇక మన నాందేడు. ఇది 1956 అక్టోబరు వరకు హైదరాబాదు రాజ్యములోనిది. హైదరాబాదు–గోదావరీ లోయ రైలుమార్గము 1900 ప్రాంతమున పడినది మొదలు ఈ ఊరు ప్రత్తి బేరమునకు పెద్ద సంత యయ్యెను. 1920 తరువాతి దశకమున ఉస్మాన్‌షాహీ మిల్లు నెలకొనెను. నిజాము ప్రభుత్వము 1929లో ఏర్పరచిన పారిశ్రామిక నిధి ఈ మిల్లునకును, 1934లో ఓరుగంట వెలసిన ఆజంజాహీ మిల్లునకును అండగా నిలిచెను. ఈ రెండు మిల్లులు తోబుట్టువుల వంటివి. ఇందూరు, ఆదిలాబాదు జిల్లాలు మనకు సరిహద్దులు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట తాలూకాలలో తెలుగు ఇంటి భాషగా గల కుటుంబములు తరతరములుగ నున్నవి. కావున ఇచ్చటి బజారులోను, పని స్థలములలోను మరాఠీ, ఉర్దూ, తెలుగు మూడును వినవచ్చుచుండెడివి.

ఆ రాజ్యమున సంఘము పెట్టుట సులభ కార్యము కాదు. అయినను యుద్ధకాలపు కరువు జనులను కూర్చెను. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడెను. మెదకు సీమలోని ఆందోలున జన్మించిన ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీను, డాక్టరు రాజ్ బహదూర్ గౌడు దాని నాయకులలో ముఖ్యులు. దేశ స్థాయిలో మన తెలుగువారు తలచుకొనవలసిన పేరు వరాహగిరి వేంకటగిరి గారిది. బరంపురమున పుట్టిన ఆయన బెంగాలు–నాగపురము రైల్వే కార్మికులను సంఘటిత పరచెను. 1954లో కేంద్ర కార్మిక మంత్రిగా నుండి, బ్యాంకు ఉద్యోగుల వేతనముల తీర్పును ప్రభుత్వము తగ్గించినందున పదవిని త్యజించెను. జీతపు లెక్క విషయమున మంత్రి పదవిని విడిచిన వారు అరుదు.

నాందేడునకు గల తొలి సూచికకు ఆధారము 1943 ఆగస్టు మొదలు 1944 జూలై వరకు గల పండ్రెండు మాసములు. ఔరంగాబాదునకును అదియే. ఇచ్చట ఒక చిక్కు గమనింపదగినది. ముంబయి సూచికకు అప్పటి ఆధారము 1933–34, అనగా ధరలు మిక్కిలి పడిపోయిన కాలము. మనకు ఆధారముగ దొరికినది యుద్ధమధ్యమున కరువు ముదిరిన కాలము. ముంబయిలో అప్పటికే ధరలు యుద్ధపూర్వపు ధరలకు రెట్టింపును దాటియుండెను. అట్టి మంట కాలమును మనము 100 అని వ్రాసికొంటిమి. పర్యవసాన మేమి? ఒకే విధమైన కరువునకు ముంబయి సంఖ్య పెద్దదిగను, నాందేడు సంఖ్య చిన్నదిగను కనబడును. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి, మీ యూరిలో ధరలు తక్కువగా పెరిగినవి గనుక మీ భత్యము తక్కువ యని వాదించుట, ఒకడు నేలపైన నిలిచి, మరియొకడు అరుగుపైన నిలిచి ఎత్తులు పోల్చుకొన్నట్లుండును. సంఘమున నొక్క లెక్క తెలిసినవాడు లేనిచో ఇట్టి వాదమునకు ప్రత్యుత్తర మీయుట కష్టము. కార్మిక సంఘమునకు కంఠబలము గల నాయకుడు ఎంత యవసరమో, కూడికలు తీసివేతలు ఎరిగిన గుమాస్తా యంత యవసరము.

దీనికి తోడు నాణెముల చిక్కు. హైదరాబాదులో హాలీ సిక్కా చెల్లెడిది. నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ. 1950 తరువాత హాలీ క్రమముగ తొలగి ఆ దశకాంతమునకు పూర్తిగా మాయమయ్యెను. 1957 ఏప్రిలున నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరు మొదలు మెట్రిక్ తూకములు ప్రవేశించి, 80 తులముల సేరు పోయి కిలో వచ్చెను. సేరు 933 గ్రాములు. సూచిక నిష్పత్తి గనుక నాణెము మారినంత మాత్రమున అది మారరాదు; కాని పాత ధరలను క్రొత్త నాణెములోనికి, పాత తూకమును క్రొత్త తూకములోనికి సరిగా మార్చినప్పుడే ఆ మాట నిజమగును. ఇట్లు పదేండ్ల లోపల రూపాయ, పైస, సేరు మూడును మారిన ప్రజలము మనము. ఆ సందున రాజ్యమును మారెను. 1956 నవంబరు 1న నాందేడు ద్విభాషా బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడెను. మన బంధువు లందరు ఆవలి గట్టున నుండగా, మన జీతపు కాగితములు హైదరాబాదును విడిచి ముంబయి దారి పట్టెను.

1955 ప్రాంతమున జీవనవ్యయ సూచిక యను పేరు మార్చి వినియోగదారుల ధరల సూచిక యనిరి. ఈ మార్పు పేరునకు మాత్రమే యని యనుకొనరాదు. ఈ సంఖ్య ధరలను మాత్రమే కొలుచును, జీవనమును కొలువదు. పిల్లలు పెద్దవారై పాఠశాల వ్యయము పెరిగినను, తల్లికి జబ్బు చేసినను, సూచిక ఎరుగదు. అందుచేత 1957 జూలైలో ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక సమ్మేళనము వేరొక కొలబద్ద నిచ్చెను. సంపాదించు వానికి ముగ్గురు మనుష్యుల భాగమునకు తిండి, డాక్టరు ఐక్రాయిడు లెక్కప్రకారము మనిషికి 2,700 కేలరీలు, నలుగురు గల కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వీటిపై మొత్తములో ఐదవవంతు ఇతర వ్యయములు. ఈ మొత్తమే కనీస వేతనము కావలెనని తీర్మానించిరి. కూలి చాలునా చాలదా యను ప్రశ్నకు ఇది కొలబద్ద. చాలిన కూలి ధరల వలన కరగిపోకుండ కాచునది సూచిక. ఒకటి గోడ, మరియొకటి పైకప్పు. రెండును కావలెను.

సూచికయే తప్పయినచో? 1963లో ముంబయి కార్మికులు ఈ ప్రశ్న వేసిరి. బజారులో తాము కొను ధర యొకటి, సర్కారు పుస్తకమున పడు ధర యొకటి యని గగ్గోలు పుట్టెను. ఆ ఆగస్టులో ముంబయి నగరము బంద్ పాటించెను. ప్రభుత్వము ఆచార్య డి. టి. లక్డావాలా అధ్యక్షతను నిపుణుల సంఘమును నియమించెను. పాత సూచిక ధరల పెరుగుదలను తక్కువ చేసి చూపినదని ఆ సంఘము తేల్చెను. పాత 1933–34 లెక్కను క్రొత్త 1960 లెక్కతో ముడివేయు గుణకము ముంబయికి 4.44 అని స్థిరపడెను. గుణకమున ఒక్క దశాంశము తప్పినను వేలాది కుటుంబముల రొట్టెలో ముక్క తెగును. దీనిని కనిపెట్టినది పండితులు కారు; కొట్టులో డబ్బు లెక్కపెట్టి యిచ్చిన వారే మొదట కనిపెట్టిరి, పండితులు పిదప ఋజువు చేసిరి.

నాందేడు సూచికకును 1961, పిమ్మట 1982 సంవత్సరములు ఆధారములయ్యెను. మహారాష్ట్రమున పది కేంద్రములకు కార్మికుల సూచికలు కట్టబడుచు వచ్చినవి. ముంబయి, షోలాపురము, నాగపురము, పుణె, నాసికలవి సిమ్లా లేబరు బ్యూరో వారివి. జలగాం, నాందేడు, ఔరంగాబాదు (నేటి ఛత్రపతి శంభాజీనగరము), కొల్హాపురము, అకోలాలవి రాష్ట్ర ప్రభుత్వమువారివి. రాష్ట్రమున కనీస వేతనములపై ప్రత్యేక భత్యమును ఆరు మాసములకొక తూరి నిర్ణయించుటకు ఈ కేంద్రముల సగటును గైకొను పద్ధతి యేర్పడెను. కాబట్టి నాందేడు ఇత్వారా బజారులో కందిపప్పు ధర సరిగా నమోదు కాకున్న, ఆ లోపము ఎక్కడనో నున్న హోటలు పనివాని కూలిలో గూడ లేశమాత్రముగ చేరును.

1972 నాటి మహాక్షామము మరాఠ్వాడాను దహించిన విషయము మన పెద్దలు మరువలేదు. వెన్నంటియే 1973–74లో ధరలు చుక్కలనంటెను. 1974 మే 8 మొదలు మూడు వారములు రైల్వే సమ్మె జరిగెను. ఆ యేటనే ప్రభుత్వము, పెరిగిన కరువు భత్యములో సగమును నిర్బంధ డిపాజిటుగా ఆపి వేయు చట్టము చేసెను. సూచిక పెరిగినది, భత్యమును పెరిగినది, చేతికి మాత్రము సగమే వచ్చినది. తరువాత వడ్డీతో వాయిదాలుగా తిరిగి యిచ్చిరి. కాని కరువులో కొనవలసిన జొన్నలను కరువు గడచిన పిదప కొనుటలో ప్రయోజన మేమి?

1974లోనే దేశపు ఖాయిలా మిల్లులు జాతీయము చేయబడినవి. మన మిల్లు నాందేడు టెక్స్‌టైల్ మిల్లు పేర జాతీయ వస్త్ర సంస్థ క్రిందికి వచ్చెను. ఆజంజాహీ మిల్లును అటులనే. తుదకు రెండును మూతపడెను. మిల్లుతోడనే హాజరు పట్టికయు, సంఘపు చందా పుస్తకమును, పాయింటున కింత యను భత్యపు ఒడంబడికయు పోయినవి. సూచిక నెలనెల వెలువడుచునే యున్నను, దానిని చూపి అడుగుటకు ఎదుట యజమాని లేడయ్యె.

బీడీ చుట్టు స్త్రీల సంగతి దీనికంటె సూక్ష్మమైనది. ఇందూరు, కామారెడ్డి ప్రాంతముల నుండి షోలాపురము వరకు ఎందరో తెలుగు స్త్రీలు ఈ పనిలో బ్రతికినవారే. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టము వచ్చినది. 1976లో సంక్షేమ నిధి ఏర్పడినది. కూలి వేయి బీడీలకు ఇంత యని. దానిపై సూచికను బట్టి భత్యము. కాని పుస్తకమున పేరెక్కిన వారికే ఈ భత్యము. ఇంట కూర్చుండి, ఒకరి పేర నలుగురు చుట్టినచో, ముగ్గురికి చట్టము లేదు, సూచికయు లేదు. ఆకు తక్కువగా తూచి యిచ్చినను, పనికిరావని కొన్ని బీడీలు తీసివేసినను, ఆ నష్టము ఏ సూచికలోను ఎక్కదు. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లు, ధరల వలన ఒక నష్టము, లెక్కలో లేకపోవుట వలన రెండవ నష్టము.

ఇక నేటి మాట. అఖిల భారత సూచికకు 1960, 1982, 2001, 2016 సంవత్సరములు వరుసగ ఆధారములైనవి. కేంద్రములు 50 నుండి 70, 78, 88కి పెరిగినవి. 1960 నాటి జాబితాలో నెల్లూరు సీమలోని గూడూరు అభ్రకపు గనుల కేంద్రము గూడ నుండెను. ఒక ఆధారము నుండి మరియొక దానికి దిగునపుడు గుణకములు 4.93, 4.63, 2.88. 2020 సెప్టెంబరున మూడు వందలు దాటిన సంఖ్య నూట పదునెనిమిది ప్రాంతమునకు దిగగా, జీతము తగ్గునని కొందరు భయపడిరి. భయము లేదు, 2.88చే హెచ్చించినచో పాత సంఖ్య మరల వచ్చును. మూడు గుణకములను హెచ్చించినచో సుమారు 65.74 అగును. అనగా 1960లో కార్మికునికి నూరు రూపాయలు చేసిన కొనుగోలు శక్తికి 2016లో సుమారు 6,574 రూపాయలు కావలెను. తాతగారి జీతము నూరు రూపాయలని నవ్వు యువకులు ఈ హెచ్చింపు చేసి చూడవలెను.

తిండి ప్రాధాన్యము 1982 లెక్కలో 57 కాగా, 2001లో 46.2, 2016లో 39.17. కుటుంబములు చదువునకు, వైద్యమునకు, ప్రయాణములకు ఎక్కువ వ్యయించుట దీనికి ముఖ్య కారణము. కాని సగటు సగటే. సంపాదనలో మూడువంతులు తిండికే పోవు బీదయింటికి పప్పు ధర పెరిగినచో తగులు దెబ్బ, సూచిక చూపు దానికి దాదాపు రెండింతలు.

ఇప్పుడు ముందు చెప్పిన మాటకు వచ్చెదము. సూచికకు ప్రాణము ప్రాధాన్యములలో నున్నది. మరాఠ్వాడా ప్రజలకు జొన్నరొట్టె ప్రధానాహారము. మన యిండ్లలో అన్నము, చింతపండు, మిరపకాయ లేనిదే పూట గడువదు. బియ్యము పెరిగి జొన్న పెరుగనపుడు, అధికసంఖ్యాకుల పళ్ళెమును బట్టి కట్టిన సంఖ్య మన పళ్ళెమును పూర్ణముగ చూపజాలదు. ఇది ఎవరి ద్వేషమును కాదు, లెక్క స్వభావము. విచారణకు ఎన్నికైన కుటుంబములలో మనవారు తమ ప్రమాణములో నుండి, నిజము చెప్పినప్పుడే మన పళ్ళెమునకు గూడ తగిన పాలు చేరును. కాని విచారణకు వచ్చిన ఉద్యోగిని చూచి, పన్ను వేయుదురేమో యని కొందరు వ్యయము తగ్గించి చెప్పుదురు. పరువు కొరకు కొందరు హెచ్చించి చెప్పుదురు. భాష చాలక కొందరు తలుపు వేసికొందురు. ఇందు మూడును మనకు మనమే చేసికొను అపకారములు.

కావున మన సంఘమువారికి మా విన్నపములు మూడు. ప్రతి గృహిణియు ఒక్క యేడాది పాటు ఇంటి పద్దుల పుస్తకము వ్రాయునట్లు ప్రోత్సహింపవలెను. మరల కుటుంబ బడ్జెటు విచారణ జరిగినప్పుడు, మరాఠీ రాని వృద్ధులకు తోడుగా మన యువకులను పంపవలెను. ఇంట కూర్చుండి బీడీలు చుట్టు స్త్రీల పేర్లు పుస్తకముల కెక్కించుటకు, ఏ కార్మిక సంఘము వారు యత్నించినను, పక్షభేదము లేక సాయపడవలెను. మిల్లులు పోయినవి గాని కూలిపై బ్రతుకు కుటుంబములు పోలేదు. రాబోవు విచారణ పుస్తకములలో వారి యింటి బియ్యము, చింతపండు సరియైన తూకముతో ఎక్కినచో ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినదని తలంతుము.